ఫలింపని ప్రయత్నముల చరిత్ర



చరిత్ర బోధించుట నా వృత్తి. రాజ్యముల పుట్టుకను, పతనమును ఏటేట పిల్లలకు చెప్పుచు వచ్చితిని. నేటి ప్రసంగమునకు నేనెంచుకొనిన చరిత్ర మాత్రము పాఠ్యపుస్తకములలోనిది కాదు. అది మా గడప దాటి లోపలికి వచ్చినది.

మాకు వివాహమై తొమ్మిది సంవత్సరములైనది. సంతానము కలుగలేదు. నా అండవాహికలు రెండును మూసికొనిపోయినవని వైద్యులు తేల్చిరి. విశాఖపట్టణముననే ఒక చికిత్సాలయమున రెండుమారులు ఐ.వి.ఎఫ్. చికిత్స పొందితిని. రెండుమారులును ఫలింపలేదు. రెండవమారు రక్తపరీక్ష ఫలితము తెలిసిన నాటి రాత్రి మా యింట ఒక్కటే ప్రశ్న మిగిలినది: మూడవ ప్రయత్నము అక్కడనే చేయుదుమా, వేఱొక చోటికి పోవుదుమా?

సలహాలకు కొదువ లేకపోయినది. మా ఆడపడుచు హైదరాబాదు పొమ్మనెను. ఇరుగుపొరుగువారు సముద్రతీరపు వీధిలో క్రొత్తగా వెలసిన చికిత్సాలయము పేరు చెప్పిరి. మా అత్తగారు సింహాచలము వెళ్లి కప్పస్తంభమును మరల కౌగిలించుకొని రమ్మనిరి. ఆ స్తంభమును కౌగిలించుకొనిన సంతానము కలుగునని ఈ ప్రాంతమువారి నమ్మిక. ఆమె కూడ అట్లే మ్రొక్కుకొని నా భర్తను కన్నదట. నేను వెళ్లి వచ్చితిని. చోటు మార్చవలెనని అందఱును చెప్పిరి. ఎందుకు మార్చవలెనో మాత్రము ఎవరును చెప్పలేకపోయిరి.

సందేహము కలిగినప్పుడు మూలపత్రములను వెదకుట చరిత్ర చదివినవారి యలవాటు. కావున ఈ చికిత్స ఎట్లు పుట్టినదో తెలిసికొన మొదలిడితిని.

ముందుగా చికిత్స ఎట్టిదో నాలుగు మాటలలో మనవి చేయుదును. సాధారణముగా నెలకు ఒక్క అండము మాత్రమే పక్వమగును. పది పండ్రెండు దినములు హార్మోను సూదిమందులిచ్చి ఒకేమారు పలు అండములు పక్వమగునట్లు చేయుదురు. చివరి సూదిమందు ఇచ్చిన సుమారు 36 గంటలకు సన్నని సూదితో వానిని వెలికి తీసి, ప్రయోగశాలలో శుక్రకణములతో కలుపుదురు. ఏర్పడిన పిండమును మూడు మొదలు ఐదు దినములు అక్కడ పెంచి, గర్భాశయమున ప్రవేశపెట్టుదురు. మిగిలిన పిండములను ద్రవ నత్రజనిలో నిలువయుంతురు. ఆ పిమ్మట రెండు వారములు నిరీక్షించుట తప్ప చేయదగినది లేదు. ఆ రెండు వారములు ఎంత దీర్ఘములో అనుభవించినవారికే తెలియును.

ఈ విద్య తొలుత ఫలించినది ఇంగ్లండు దేశమునందలి ఓల్డాం అను మిల్లుల పట్టణమున. కేంబ్రిడ్జి శాస్త్రజ్ఞుడు రాబర్టు ఎడ్వర్డ్సు, శస్త్రవైద్యుడు పాట్రిక్ స్టెప్టో, నర్సుగా శిక్షణ పొంది పిండశాస్త్రమున ఆరితేరిన జీన్ పర్డీ — ఈ మువ్వురు అక్కడ పది సంవత్సరములు శ్రమించిరి. 1971లో ఆ దేశపు వైద్య పరిశోధన మండలి వీరికి ధనసహాయము నిరాకరించెను. అయినను పని విడువలేదు. 1978 జూలై 25వ తేదీ రాత్రి లూయీ బ్రౌన్ అను బాలిక జన్మించెను. ఆమె తల్లికిని నావలెనే అండవాహికలు మూసికొనిపోయి యుండెను.

లోకమెఱిగిన కథ ఇంతవఱకే. నేను వెదకినది అంతకు ముందరి కథ. ఓల్డాంలో మిగిలిన చేతివ్రాత పుస్తకములను పరిశీలించి 2015లో కొందఱు పండితులు లెక్కలు ప్రకటించిరి. 1969 మొదలు 1978 వఱకు 282 మంది స్త్రీలు ఈ ప్రయోగమునకు తమ దేహములను అప్పగించిరి. 112 మారులు పిండ ప్రవేశము జరిగెను. గర్భములు నిలిచినవి ఐదు. సజీవముగ జన్మించిన శిశువులు ఇద్దఱు. ఈ సంఖ్యలు చదివిన దినమున నేను పుస్తకము మూసి చాలసేపు ఊరక కూర్చుంటిని. రెండుమారులకే నా దేహమును నిందించుకొనుచుంటిని కదా! పేరైనను మిగులక, ఒట్టి చేతులతో ఇంటికి మరలిన ఆ స్త్రీలందఱును నాకు తోబుట్టువులవలె తోచిరి.

అయితే వారి శ్రమ వృథా పోలేదు. ఏలయన, ప్రతి ఓటమియు పుస్తకమునకెక్కినది. మొదటి సంవత్సరములలో హార్మోను మందులతో పలు అండములు తీసిరి, గర్భము నిలువలేదు. తుదకు నిలిచిన మొదటి గర్భము గర్భాశయమున గాక అండవాహికలో నిలిచినందున తొలగింపవలసి వచ్చెను. అప్పుడు వారు ఊరు మార్చలేదు, ఆసుపత్రి మార్చలేదు, పద్ధతి మార్చిరి. మందులు మాని, ప్రకృతి యిచ్చు ఒక్క అండమునే, అది విడుదలయగు వేళను మూత్రపరీక్షచే కనిపెట్టి తీసిరి. 1977 నవంబరులో లూయీ తల్లికి చేసినది ఇదియే. ఎడ్వర్డ్సుకు 2010లో నోబెల్ బహుమానము వచ్చెను. స్టెప్టో 1988లోను, పర్డీ 1985లోను గతించినందున వారికి ఆ గౌరవము దక్కలేదు.

ఇక మన దేశపు కథ వినుడు. లూయీ జన్మించిన రెండున్నర నెలల లోపుననే, 1978 అక్టోబరు 3వ తేదీన, కలకత్తాలో దుర్గ యని పిలువబడిన బాలిక ఇదే విధమున జన్మించెను. దీనికి కారకుడు వైద్యుడు సుభాష్ ముఖర్జీ. ఆయన మార్గము ఓల్డాంవారి మార్గమునకు ఇంచుమించు విరుద్ధము. ఆయన హార్మోనులతోనే పలు అండములు పొంది, పిండమును ఘనీభవింపజేసి నిలువయుంచి, తరువాతి కాలమున అనుకూలమైన వేళ గర్భాశయమున ప్రవేశపెట్టెను. నేడు ప్రపంచమంతట అనుసరింపబడుచున్న పద్ధతికి ఇది మిక్కిలి దగ్గఱిది. ఘనీభవించిన పిండమునుండి శిశువు జన్మించెనని లోకము గుర్తించుట 1984లో, ఆస్ట్రేలియాలో కలిగిన జననముతోడనే.

కాని ముఖర్జీ మాట ఇంటివారే నమ్మలేదు. రాష్ట్ర ప్రభుత్వము నియమించిన విచారణ సంఘము ఆయన చెప్పినది నమ్మదగినది కాదని త్రోసిపుచ్చెను. జపానుకు పోయి తన పరిశోధనను వినిపించుటకు ఆయనకు అనుమతి దొరకలేదు. తుదకు కంటి వైద్య సంస్థకు బదిలీ చేసిరి. 1981 జూన్ 19న ఆయన తన ప్రాణము తానే తీసికొనెను.

ఐదేండ్లు గడచినవి. 1986 ఆగస్టు 6న బొంబాయి కె.ఇ.ఎం. ఆసుపత్రిలో ఇందిరా హిందూజా అను వైద్యురాలి చేతిమీదుగా హర్ష యను బాలిక జన్మించెను. భారతదేశమున ఐ.వి.ఎఫ్. వలన పుట్టిన మొదటి శిశువు ఈమెయే యని అందఱును చెప్పుకొనిరి. ఆ కార్యమునకు శాస్త్రవిభాగమున నాయకుడు టి. సి. ఆనందకుమార్. 1997లో ఆయన కలకత్తా వెళ్లినప్పుడు ముఖర్జీ చేతివ్రాత పత్రములు ఆయనకు చూపిరి. అవి చదివి, ప్రథమ స్థానము తమది కాదనియు, ముఖర్జీదే యనియు ఆనందకుమార్ బహిరంగముగ ప్రకటించెను. తన కీర్తిని తానే తగ్గించుకొని సత్యము పలికిన ఇట్టివారు చరిత్రలో తఱచుగ కనబడరు.

ఈ రెండు కథలను ప్రక్కప్రక్కన నుంచి చూచితిని. ఓల్డాం ఓటములు వ్రాతకెక్కినందున విద్యయైనవి. కలకత్తా విజయము, చూడవలసినవారు ఆ వ్రాతను మన్నించి చూడనందున పదునెనిమిదేండ్లకు పైగా మఱుగున పడినది. మరల బయటికి వచ్చినది ఆ వ్రాతవలననే. నాకు బోధపడినదేమన, చికిత్సాలయమును దాని పేరునుబట్టియో, ఒక్క ఫలితమునుబట్టియో తూచరాదు. అది తన ఓటమిని ఎట్లు వ్రాసికొనుచున్నదో, దానినుండి ఏమి నేర్చుకొనుచున్నదో చూడవలెను.

ఈ మాట నా భర్తకు చెప్పితిని. ఆయన ఉక్కు కర్మాగారమున ఉద్యోగి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ యని పేర్లుగల మూడు కొలుములు అక్కడ కలవు. ఆయన నవ్వి యిట్లనెను: “ఒకనాడు ఇనుము చెడినంతమాత్రమున మేము కొలిమిని విడిచిపెట్టము. ముందు లాగుబుక్కు తిరుగవేయుదుము. కారణము దొరకిన సరిదిద్దుదుము. పుస్తకమున కారణము లేక, అడిగినవానికి జవాబు లేక, అదియే మరల మరల జరిగిన యెడల అప్పుడు ఆలోచింపవలసినదే.”

మఱునాడే చికిత్సాలయమునకు పోయి మా పత్రములడిగితిమి. ఎన్ని అండములు తీసిరి, వానిలో పక్వమైనవెన్ని, ఫలదీకరణము చెందినవెన్ని, ఏ దినమున పిండము ఏ స్థితిలో నుండెను, ఏ మందు ఎంత మోతాదు ఇచ్చిరి, గర్భాశయపు పొర మందమెంత — ఇవి మాకు కావలసిన వివరములు. మొదట బిల్లులు చేతికిచ్చిరి. మూడవమారు వెళ్లినపుడు పత్రములు లభించినవి. ఇది వారి దయ కాదు. 2021లో వెలువడి, 2022 జనవరి 25 నుండి అమలులోనికి వచ్చిన సహాయక పునరుత్పత్తి చట్టము ప్రకారము, జరిగిన చికిత్స వివరములతో పత్రము ఇచ్చుట చికిత్సాలయపు విధి. ఫలించు అవకాశమెంతో, అపాయములెవ్వియో, ఖర్చెంతో ముందుగా తెలుపుటయు విధియే.

పత్రములు ముందు పెట్టుకొని వైద్యుని అడిగితిమి: ఇందులో మీరు నేర్చినదేమి, ఈసారి మార్చునదేమి? ఆయన శ్రద్ధగా చూచి జవాబు చెప్పిరి. రెండవమారు అండములు తీయుటకు ముందే ప్రొజెస్టెరోను అను హార్మోను పెరిగినదట. ఆ నెల గర్భాశయము పిండమును స్వీకరించు స్థితిలో లేకపోయి యుండవచ్చునట. కావున నిలువయున్న మా ఒక్క పిండమును వేఱొక నెలలో ప్రవేశపెట్టుదమనిరి. జవాబు పుస్తకమునుండి వచ్చినది. ముఖర్జీ త్రోవ కూడ అదియే. అంతేకాక చోటు మార్చినచో ఆ పిండమును వెంట గొనిపోవుట సులభము కాదు. సొంత ఉపయోగమునకైనను జాతీయ మండలి అనుమతి కావలెనని చట్టము చెప్పుచున్నది. అందుచే అప్పటికి అక్కడనే నిలిచితిమి.

ఆ పిండమును నిలువలేదు.

మరల అదే ప్రశ్న అడిగితిమి. ఈసారి వచ్చిన జవాబు, “మొదటివలెనే మరల చేయుదము, అదృష్టము కలసిరావలెను” అని. ఆ మాటతో మా నిర్ణయమైపోయినది. కోపముతో కాదు, పత్రములతో వెలుపలికి వచ్చితిమి.

ఎక్కడికి పోవలెనన్నది రెండవ సమస్య. 2025 జూలైలో సికిందరాబాదునందలి ఒక సంతాన చికిత్సాలయ నిర్వాహకులను పోలీసులు నిర్బంధించిరి. ఐ.వి.ఎఫ్. కోరి వచ్చిన దంపతులను అద్దెగర్భమునకు మరలించి, మన విశాఖలో పుట్టిన పరాయి శిశువును వారిదేనని అప్పగించిరని అభియోగము. ఆ శిశువునకును దంపతులకును సంబంధము లేదని డి.ఎన్.ఏ. పరీక్షలో తేలినది. డబ్బు పుచ్చుకొని గర్భమును అద్దెకిచ్చుట 2022 నుండి నిషిద్ధము. బిడ్డకై పరితపించువారు ఎంత మాటనైనను నమ్ముదురు, నేనును నమ్మియుందును. కావున చట్టప్రకారము నమోదైనదా యని ముందుగా చూచితిమి. నూటికి నూరుపాళ్లు ఫలితమని చెప్పినచోట కూర్చుండలేదు. మా పాత పత్రములు చదువక ధర చెప్పినచోటునుండి లేచి వచ్చితిమి.

చివరకు చేరిన చోట వైద్యురాలు మా పత్రములను మొదటి పుటనుండి చదివెను. వెంటనే మందులు మొదలిడలేదు. మూసికొనిన వాహికలలో నీరు చేరిన యెడల అది గర్భాశయములోనికి దిగి పిండమునకు హాని చేయునని చెప్పి, ముందు దానిని పరీక్షింపవలెననెను. నా వయస్సు ముప్పది తొమ్మిది. వయస్సు పెరిగినకొలది అవకాశము తగ్గునని దాచక చెప్పెను. క్రొత్త చోటున ఫలించునని మాట యీయలేదు. ఆ మాట యీయనందుననే ఆమెపై నాకు నమ్మకము కుదిరినది.

మేమిరువురమును ఒక హద్దు పెట్టుకొంటిమి: ఇంకొక్క ప్రయత్నము. అది ఫలించిన సంతోషము. ఫలింపకున్న ఒకరికొకరు మిగిలియున్నాము. మా అత్తగారికి ఈ సంగతి చెప్పితిని. ఆమె కొంతసేపు ఊరకుండి, “నీ ఒంట్లో ఓపిక ఉన్నంతవఱకేనమ్మా, నా కోసము కాదు” అనెను. తొమ్మిదేండ్లలో ఆమె నోట ఆ మాట వినుట అదియే మొదలు.

ఇదే బాధలోనున్న సోదరీమణులకు నా మనవి ఒక్కటి. విడిచి వెళ్లినను, అక్కడనే నిలిచినను, మీ పత్రములు మీ చేతనుండవలెను. వానిలో తరువాతి పంక్తి ఏమి వ్రాయుదురో మీ వైద్యుడు చెప్పగలిగినంతవఱకు నిలువవచ్చును. చెప్పలేనినాడు, నిష్ఠురమాడక, సెలవు తీసికొని రండు. నా పత్రములు ఒక పాత గుడ్డసంచిలో ఉన్నవి. వచ్చు సోమవారము ఆ సంచితోనే ఆసుపత్రికి పోవుదును.