కేసుకు రాగి, కాటాకు ఇనుము

పైన రాగి, లోపల ఉక్కు. టెలిఫోన్ డిపార్టుమెంటు కాగితాల్లో దాని పేరు కాపర్‌వెల్డ్. మా మాదిగపల్లెలో పూతతీగ. పూత అన్నామే గానీ అది రంగేసినట్టు వేసింది కాదు. ఉక్కు కడ్డీకి రాగి తొడుగు తొడిగి, వేడిమీద రెండూ ఒకటయ్యేట్టు అతికించి, సన్నగా సాగదీసిన తీగ. చాకుతో గీకితే ఎర్రరాగి కింద నుంచి తెల్లగా ఉక్కు కనపడుద్ది. కోసిన చోట నాలుగు వానలు పడితే తుప్పు పడుద్ది. చుట్టూ ఉన్న రాగి మాత్రం అట్నే ఉంటది.

ఈ దేశంలో తంతి, టెలిఫోన్ల చరిత్రలు చాలా వచ్చినయ్. వాటిల్లో గవర్నర్ జనరళ్లుంటారు, ఇంజనీర్లుంటారు, తీగ పొడుగు మైళ్లలో ఉంటది. ఆ తీగని భుజానేసుకొని చేలగట్ల మీద నడిచినోళ్లు ఉండరు. అది పాతదై కిందపడ్డాక కాల్చి, గీకి, నానబెట్టి అందులో రాగి తీసినోళ్ల సంగతి అసలే ఉండదు. మా ఇంట్లో రెండు తరాలు ఈ తీగతో బతికినయ్. కాబట్టి ఈ చరిత్ర నేను రాస్తున్నా.

1851లో కలకత్తా నుంచి డైమండ్ హార్బరు వైపు మొదటి తంతి లైను వేశారు. 1855 నుంచి జనం డబ్బు కట్టి తంతి పంపుకునే వీలొచ్చింది. మొదట్లో వాడింది లావుపాటి ఇనుపకడ్డీలే. టక్కుటక్కుమనే తంతి సంకేతాలకు ఇనుము చాలింది. 1876లో టెలిఫోన్ పుట్టాక చాల్లేదు. మనిషి గొంతు ఇనుము మీద దూరం పోయేకొద్దీ సన్నగిల్లిపోయేది. రాగి దాన్ని దూరం మోస్తది. కానీ రాగి మెత్తన, తన బరువుకు తానే వేలాడబడుద్ది, పైగా ఖరీదు. అందుకని ఉక్కు బలాన్నీ రాగి గుణాన్నీ కలిపిన తీగని అమెరికావాళ్లు 1910ల నుంచి ఫ్యాక్టరీల్లో తయారుచేశారు. మనదేశంలో టెలిఫోన్ లైన్లకీ రైల్వే లైన్లకీ కూడా అది వచ్చింది.

ఇందులో ఒక కిటుకుంది. వేగంగా అటూఇటూ మారే కరెంటు తీగ లోపలికి దిగదు, పైపొరలోనే పరిగెత్తుద్ది. ఇంగ్లీషు పుస్తకాల్లో దీన్ని స్కిన్ ఎఫెక్ట్ అంటారు. స్కిన్ అంటే తోలు. ఆ మాట మొదటిసారి చదివినప్పుడు నాకు మా తాత గుర్తొచ్చి నవ్వొచ్చింది. ఊరి మోటబొక్కెనలన్నీ ఆయన కుట్టిన తోలుతోనే నీళ్లు తోడినయ్. తోలు పనోణ్ణి ఊరవతల పెట్టినోళ్ల పిల్లలే కాలేజీలో కూర్చుని తోలు గొప్పతనం బట్టీపట్టి పరీక్ష రాస్తున్నారు.

ఇంకో లెక్క కూడా ఉంది. పూర్తి రాగి తీగని దొంగిలిస్తే లాభం ఎక్కువ, ఈ తీగని దొంగిలిస్తే తక్కువ. రాగిని ఉక్కు నుంచి విడదీయటం తేలిక్కాదు. ఇంజనీర్లు దీన్నొక మేలుగానే చెప్తారు. అంటే తీగని ఎంచుకునేటప్పుడే ఒక దొంగని కూడా ఊహించుకున్నారన్నమాట. ఆ దొంగ ఎక్కడుంటాడో మన ఊళ్లల్లో ఎవర్నడిగినా చెప్తారు.

మా అయ్య టెలిఫోన్ లైన్ల మీద క్యాజువల్ మజ్దూరు. గుంతలు తవ్వటం, స్తంభాలు మోయటం, తీగచుట్టలు దొర్లించటం, తుమ్మకంప కొట్టి లైను కింద దారి చేయటం ఆయన పని. స్తంభమెక్కి తీగ కట్టేది లైన్‌మన్. ఆయన పర్మినెంటు. ఆయన మంచినీళ్ల చెంబు మా అయ్య ముట్టకూడదు. ఆయన కట్టాల్సిన తీగచుట్టని మాత్రం నాలుగు మైళ్లు మా అయ్యే మొయ్యాలి.

1987 అక్టోబరు 27న సుప్రీంకోర్టు ఈ తంతి తపాలా క్యాజువల్ కూలీల కేసులో తీర్పిచ్చింది. పర్మినెంటు వాళ్లకిచ్చే కనీస జీతం లెక్కనే వీళ్లకీ ఇవ్వాలనీ, ఏడాదికి మించి వరసగా పనిచేస్తున్నోళ్లని పనిలోకి తీసుకోటానికి స్కీము తయారుచెయ్యాలనీ చెప్పింది. 1989లో టెలికాం శాఖ స్కీము తెచ్చింది. ఏడాదిలో 240 రోజులు పని చూపించాలి. మా అయ్యకు ఇరవై రెండేళ్ల పని ఉంది, 240 రోజులు లేవు. మస్టరులో రెండు నెలలు ఆయన పేరు, తర్వాత రెండు నెలలు ఇంకెవరిదో పేరు. వేలిముద్ర మాత్రం ఎప్పుడూ ఆయనదే. "పేర్లు మారినయ్ గానీ వేలు మారలేదు బాబయ్యా" అని ఆఫీసులో చెప్పుకున్నాడు. ఆ ముద్రలు పక్కపక్కన పెట్టి చూసే తీరిక ఎవరికీ లేకపోయింది.

లైను రిపేరు జరిగినప్పుడల్లా కోసిన ముక్కలు మిగిలేవి. మూరెడు, బారెడు. కూలీలు వాటిని ఇంటికి తెచ్చుకోవటం మేస్త్రీకీ లైన్‌మన్‌కీ తెలిసిన సంగతే. ముక్కలు ముడేసి దండెం కట్టేవాళ్లం. ఉక్కు గనక సాగదు, రాగి గనక తడిబట్టకి తుప్పు మరక అంటదు. బొక్కెనకు కాడ, తడికకు కట్టు, పందిరికి బిగింపు అన్నీ దాంతోనే.

1976లో మా ఊరికి దూరంగా ఎక్కడో మెయిన్ లైను తెగ్గోశారు. ఎవరు కోశారో పోలీసులకు తెలియదు. తెలియనప్పుడు ఎక్కడికి రావాలో మాత్రం తెలుసు. మాదిగపల్లె, మాలపల్లె, ఆ తర్వాత ఎరుకలోళ్ల గుడిసెలు. నేరస్థ జాతుల చట్టం 1952లో రద్దయిందంటారు గానీ జీపు వచ్చే దారి మారలా. మా చిన్నాయన కూడా అయ్యతో పాటు లైను కూలీయే. ఆయన ఇంట్లో దండెం, పందిరికి కట్టింది, మూలనున్న ముక్కలు అన్నీ పీకి గోనెసంచిలో వేశారు. దండెం మీద చిన్నమ్మ చీర ఆరేసి ఉంటే దాన్ని కిందపడేసి మరీ తీగ లాక్కున్నారు.

ఆయన మీద మోపింది 1950లో వచ్చిన తంతి తీగల అక్రమ స్వాధీనం చట్టం. నేను లా చదివేటప్పుడు లైబ్రరీలో దాన్ని నిలబడే చదివాను, అంత చిన్న చట్టం. తంతి శాఖదని కోర్టు నమ్మటానికి కారణమున్న తీగ నీ దగ్గర దొరికితే, అది న్యాయంగా వచ్చిందని నువ్వే రుజువు చేసుకోవాలి. మామూలు నేరాల్లో రుజువు భారం సర్కారుది. ఇందులో మనది. దండెం తీగకు రశీదు ఎవరి దగ్గరుంటది?

ఆ చట్టం వచ్చినప్పుడు తంతి తీగ అంటే ఏమిటో తూకంలో చెప్పింది. మైలు పొడుగు రాగితీగ 147 నుంచి 153 పౌన్లు గానీ, 196 నుంచి 204 గానీ, 294 నుంచి 306 గానీ తూగాలి. రాగి తీగ అనే ఉంది అక్కడ. మా చిన్నాయన ఇంట్లో దొరికిన తీగకి సూదంటురాయి చూపిస్తే లటుక్కున అంటుకునేది. రాగి సూదంటురాయికి అంటుకోదు. అదొక వాదన. గెలిచినా గెలవకపోయినా కోర్టులో అనాల్సిన మాట. అనటానికి వకీలు కావాలి, వకీలుకు డబ్బు కావాలి. మైలుకు ఎంత తూగుద్దో ఎవరూ లెక్క కట్టలేదు. చిన్నాయనకు ఏడాది పడింది. తిరిగొచ్చాక లైను పనికి పిలవలేదు. ఊళ్లో ఆయన పేరు మారిపోయి తీగలోడు అయింది.

నా వంతు 1991లో వచ్చింది. చుండూరులో మనోళ్లని నరికి కాలవలో పడేసిన ఏడు అది. ఆ ఏడే బెజవాడలో డిగ్రీలో చేరి, పొద్దున కాలేజీ, మధ్యాహ్నం నుంచి ఆటోనగర్ వైపు ఒక పాతసామాన్ల కొట్లో పని. గల్ఫ్ యుద్ధం టీవీలో చూపించిన రోజులు. డాబా మీద నుంచి డాబా మీదకి కేబుల్ టీవీ నల్లతీగలు పాకటం మొదలైంది. వాటిల్లో చాలా రకాలకి నడిమధ్యనున్న కండె పూతతీగే. దాని చుట్టూ తెల్లటి ప్లాస్టిక్, దానిమీద అల్యూమినియం రేకు, జల్లెడలాంటి అల్లిక, పైన నల్ల తొడుగు. తెగిన కేబుళ్లన్నీ మా కొట్టుకే చేరేవి. పాత టెలిఫోన్ తీగ కూడా వేలంపాటలో కొన్నోళ్ల చేతులు మారి వచ్చేది.

చెత్త ఏరే ఆడోళ్లు ఆ తీగని గీకి, ఎర్రగా కనపడంగానే ఆశతో తెచ్చేవాళ్లు. సేటు సూదంటురాయి చూపించేవాడు. "అంటుకుంది చూడు. ఇనుము రేటే." మళ్లీ ఇనుము కాటా దగ్గర ఇంకో మాట: "ఇందులో రాగి కలిసింది, ఫ్యాక్టరీవాడు తీసుకోడు, తరుగు తీస్తా." రెండో మాటలో కొంత నిజముంది. రాగి కలిసిన ఉక్కుని కరిగించి వేడిమీద సాగగొడితే పైన బీటలిస్తది. ఉక్కు ఫ్యాక్టరీలు అందుకే ఈ తుక్కంటే భయపడతాయి. కానీ అదే తీగని సేటు తన లెక్కలో ఏమని రాసుకున్నాడనేది నేను చూశాను. చిట్టాలు రాసింది నేనే.

లెక్క చెప్తాను, విద్యార్థులకు పనికొస్తది. ఈ తీగని అది ఎంత కరెంటు మోస్తదనే కొలతతో రకాలుగా పిలుస్తారు. పూర్తి రాగిని నూరు అనుకుంటే 21 రకం, 30 రకం, 40 రకం ఉంటాయి. కేబుల్ టీవీలో వచ్చే 21 రకంలో నూరు కిలోల తీగకి సుమారు పద్నాలుగు కిలోల రాగి. 40 రకంలో ముప్ఫై ఆరు కిలోల దాకా. రాగి రేటు ఇనుము రేటుకి ఎన్నో రెట్లు. ఏరుకొచ్చిన మనిషికి నూరు కిలోలకీ ఇనుము డబ్బులు, అందులోనూ తరుగు.

ఆ రాగిని బయటికి తీసే పని మాది. మొదట తొడుగు కాల్చాలి. ఆ నల్ల తొడుగు కాలితే ఉప్పు యాసిడ్ ఆవిరి వస్తది, గొంతు కోసినట్టుంటది. రాగి పక్కన ఆ ప్లాస్టిక్ కాలితే డయాక్సిన్లు పుడతాయని తర్వాత చదివాను. కాల్చింది ఊరవతల, కాల్చింది మేము. తొడుగు పోయాక తీగని ఎర్రగా కాలేదాకా కొలిమిలో పెట్టి నీళ్లల్లో ముంచితే పైన రాగి నల్లటి పొలుసై రాలుద్ది. మళ్లీ కాల్చాలి, మళ్లీ ముంచాలి. కరిగించి రాగిని కార్చేద్దామంటే కుదరదు. రాగి 1085 డిగ్రీల దగ్గర కరుగుద్ది, ఉక్కు అంతకంటే చాలా పైన, కానీ కరిగిన రాగి ఉక్కునే పట్టుకుని ఉంటది.

నైట్రిక్ యాసిడ్ తొట్టి పెట్టిన కొట్లూ ఉన్నయ్. అది రాగినీ తింటది, ఉక్కునీ తింటది, ఎర్రటి పొగ వదులుద్ది. ఆ పొగ పీల్చినోడు సాయంత్రం బాగానే ఉంటాడు, అర్ధరాత్రి ఊపిరాడక లేస్తాడు. సరైన పద్ధతి వేరే ఉంది. అమ్మోనియా ద్రావణంలో గాలి పంపుతా నానబెడితే రాగి కరిగి ముదురు నీలం నీళ్లవుద్ది, ఉక్కు చెక్కుచెదరదు. రెండూ దక్కుతాయి. కాకపోతే దానికి మూతలున్న తొట్లు కావాలి, గాలి యంత్రాలు కావాలి. కూలోడి ఊపిరి అంతకంటే చౌక గనక ఆ తొట్లు రాలేదు.

మేము ఊడ్చిన పొలుసు మైలుతుత్తం చేసేవాళ్ల దగ్గరికి పోయేది. గంధకామ్లంలో కరిగించి గడ్డకట్టిస్తే కిలో రాగికి దాదాపు నాలుగు కిలోల మైలుతుత్తం. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, నూరు లీటర్ల నీళ్లు కలిపితే రైతులు కొట్టే బోర్డో మందు. అంటే మా చిన్నాయనని జైల్లో పెట్టిన తీగలాంటిదే మందై, ఆయన్ని పట్టించిన రైతుల తోటల్లో ఆకు తెగుళ్లు ఆపింది. మా చిట్టాలో ఆ పొలుసు పద్దు ఎప్పుడూ రాగి కిందే ఉండేది.

ఆ తర్వాతి సంగతులు త్వరగా చెప్తాను. 2012 నుంచి కేబుల్ టీవీ డిజిటల్ అయింది, గాజుతీగలు వచ్చినయ్, పాత కేబుళ్లు కుప్పలుగా దిగినయ్. 2013 జూలైలో తంతి ఆగిపోయింది. 2012 మేలో ఈ-వ్యర్థాల నిబంధనలు అమల్లోకొచ్చినయ్, 2022లో కొత్తవి రాశారు. కొత్తవాటిల్లో రిజిస్టరు చేసుకోవాల్సినోళ్లు నాలుగు రకాలు: తయారీదారు, ఉత్పత్తిదారు, బాగుచేసేవాడు, రీసైక్లర్. గోనెసంచితో వీధి వీధీ తిరిగే మనిషి ఆ నాలుగింట్లో లేదు.

తంతి తీగల చట్టాన్ని 2023లో పార్లమెంటు ఇంకా చాలా పాత చట్టాలతో కలిపి రద్దుచేసింది. ఆ వార్త చదివాక నేను కోర్టు రికార్డు రూములో చిన్నాయన కేసు నకలు కోసం దరఖాస్తు పెట్టుకున్నా. నాలుగు నెలలకి దొరికింది. జప్తు వస్తువుల పట్టీలో ఒకటే పద్దు ఉంది: రాగి తీగ, 6 కిలోల 200 గ్రాములు. శిక్ష చెప్పిన పేజీ కింద, ఆ తీగని వేలం వేసి వచ్చిన సొమ్ము ఖజానాకు జమ చెయ్యాలని రాసుంది. ఏ రేటుకి పోయిందో రాయలేదు.