వీపు మీది చుక్క: టాంటులోకారిడా కథ

కొల్లేరు చుట్టుపక్కల చేపలు పెంచే రైతుకి చేపపేను గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. చేప ఒంటి మీద పల్చటి బిళ్ళలా అతుక్కుని రక్తం పీల్చే ఆ జీవిని శాస్త్రం ఆర్గులస్ అంటుంది. పేను అని పిలుస్తున్నాం గానీ అది పురుగు కాదు. రొయ్యకీ పీతకీ దూరపు చుట్టం, క్రస్టేషియన్. కంటికి ఆనుతుంది, గోటితో ఊడదీయొచ్చు. ఇప్పుడు దాన్ని యాభై రెట్లు కుదించండి. చేపకు బదులు ఇసుకరేణువంత రొయ్యజాతి జీవి ఒంటి మీద అతికించండి. ఆ రెంటినీ కలిపి వేల మీటర్ల లోతున సముద్రపు బురదలో ఉంచండి. టాంటులోకారిడా అనే తరగతి జీవులు దాదాపు అలాంటివి. లాటిన్‌లో 'టాంటులుస్' అంటే 'ఇంతే ఇంత' అని అర్థం, 'కారిస్' అంటే రొయ్య.

వీటి కోసం వెతుకుతూ వెళ్ళి తొలిసారి కనిపెట్టినవారు ఎవరూ లేరు. వేరే జీవిని పరిశీలిస్తుంటే దాని ఒంటి మీద ఒక చుక్క కనిపించింది. మురికి అని తుడిచేయకుండా ఆగి చూసినవారి వల్లే ఈ చరిత్ర మొదలైంది. అయితే ఆగి చూసిన ప్రతివారూ ఆ చుక్కని తమకి బాగా తెలిసిన అరలోనే పెట్టారు.

1903లో ఫ్రెంచి జంతుశాస్త్రజ్ఞుడు జూల్ బోనియే క్యూమేషియన్ అనే చిన్న సముద్రజీవి మీద ఒక పరాన్నజీవిని వర్ణించాడు. దానికి క్యూమోనిస్కస్ క్రుప్పీ అని పేరు పెట్టాడు. మధ్యధరా సముద్రపు లోతుల్లో జీవులను సేకరించడానికి తన ఓడలనూ డబ్బునూ ఇచ్చిన జర్మన్ ఉక్కు వ్యాపారి క్రుప్ పేరు అందులో ఉంది. 'ఓనిస్కస్' అంటే తడి ఇటుకల కింద తిరిగే బూడిదరంగు చిన్న జీవి, ఐసోపోడ్ జట్టుది. క్రస్టేషియన్ల మీద బతికే ఐసోపోడ్లు అప్పటికే చాలా తెలుసు కాబట్టి ఇదీ అలాంటిదేనని బోనియే అనుకున్నాడు. 1965లో నార్వేలో టానాయిడ్లనే చిన్న క్రస్టేషియన్లను పరిశీలిస్తున్న లీటా గ్రేవె కూడా ఇలాంటి చుక్కనే చూసి మైక్రోడాజస్ లాంగి అని పేరు పెట్టింది. డాజస్ అనేది అప్పటికే తెలిసిన ఒక పరాన్నజీవి ఐసోపోడ్. దానికి చిన్న రూపం అని ఈ పేరుకి అర్థం. అంటే అర అరవై ఏళ్ళకి కూడా మారలేదు.

1975లో అర మారింది. జర్మనీకి చెందిన కార్ల్ హైంజ్ బెకర్ పెరూ తీరానికి ఆవల పసిఫిక్ లోతుల నుంచి వచ్చిన బురదలో హార్పాక్టికాయిడ్లను చూస్తున్నాడు. ఇవి కోపెపోడ్ల జట్టులో ఇసుకలోనూ బురదలోనూ బతికే అతిచిన్న జీవులు. వాటిలో ఒకదానికి అతుక్కుని ఉన్నదానికి ఆయన బాసిపొడెల్లా హార్పాక్టికోలా అని పేరు పెట్టాడు. హార్పాక్టికాయిడ్ మీద కాపురముండేది అని అర్థం. కోపెపోడ్ల నిపుణుడు కాబట్టి దాన్నీ కోపెపోడ్ అనే ప్రకటించాడు. నేను దీన్ని ఆయన పొరపాటుగా లెక్కించను. ఆ జీవి దగ్గర చూడటానికి ఏముంది గనక?

ఒక జీవి క్రస్టేషియన్ అని చెప్పడానికి మొదట చూసేది తల మీది రెండు జతల మీసాలని. ఆ తర్వాత దవడలు. వాటి కీళ్ళు ఎన్ని, నూగు ఎక్కడెక్కడ ఉంది అన్నది లెక్కపెట్టి, సూక్ష్మదర్శినికి బిగించిన అద్దాల సాయంతో గీతగీతా కాగితం మీదికి దించుతారు. ఆధారంగా నిలిచే ఒక నమూనాని మ్యూజియంలో భద్రపరుస్తారు. కొత్త జాతి వర్ణన అంటే ఇదే, నెలల తరబడి సాగే పని. టాంటులోకారిడా డింభకానికి తల మీద మీసాలు లేవు, దవడలు లేవు, ఏ అవయవమూ లేదు. తలని కప్పే ఒక డాలు, దాని ముందు అతుక్కోవడానికి గుండ్రటి బిళ్ళ, ఆతిథేయి, అంటే అది అతుక్కునే జీవి, చర్మానికి బెజ్జం పొడిచే సూదిలాంటి ముల్లు, అంతే. వెనక మొండెం మీద ఆరు జతల ఈతకాళ్ళు. వర్గీకరణకి అక్కరకొచ్చే గుర్తులన్నీ తలలో ఉంటే, ఆ తలే బోసిగా ఉంది.

1980లో న్యూజిలాండ్‌కు చెందిన జానెట్ బ్రాడ్‌ఫర్డ్, హెవిట్ మరో చుక్కని వర్ణించారు. ఇది ఆస్ట్రకాడ్ అనే మరో చిన్న క్రస్టేషియన్ మీద దొరికింది. దీనికి డియోటెర్త్రాన్ డెంటాటమ్ అని పేరు పెట్టి, తెలిసిన ఏ జట్టులోకీ బలవంతంగా తోయకుండా మాక్సిల్లోపోడా అనే పెద్ద గొడుగు కింద ఉంచారు. అంటే చేతిలో ఉన్న అరలు చాలవని ఒప్పుకున్నారు.

ఆ తర్వాతి అడుగు లండన్‌లో పడింది. జెఫ్రీ బాక్స్‌షాల్ కోపెపోడ్ల పండితుడు, రోజర్ లింకన్ ఐసోపోడ్లకీ, ఆంఫిపోడ్లనే మరో క్రస్టేషియన్ జట్టుకీ పండితుడు. ఇద్దరూ నేచురల్ హిస్టరీ మ్యూజియంలో పనిచేసేవారు. ఒకరికి కోపెపోడ్ల మీద, ఇంకొకరికి లోతు సముద్రపు ఐసోపోడ్ల మీద ఒకే రకం చుక్కలు కనిపించాయి. ఆతిథేయి మారినా చుక్క మారలేదు. ఈ సంగతి తేలాక అది ఐసోపోడూ కాదు, కోపెపోడూ కాదు. 1983లో ఇద్దరూ కలిసి టాంటులోకారిడా అని క్రస్టేషియన్లలో ఒక కొత్త తరగతినే ప్రకటించారు. జాతి కాదు, కుటుంబం కాదు, తరగతి! ఇరవయ్యో శతాబ్దం చివర్లో అంత పై మెట్టు మీద కొత్త పేరు చేరడం చాలా అరుదు. పాత పేర్లు క్రమంగా ఈ కొత్త ఇంటికి చేరాయి.

ఇల్లు దొరికినా చుట్టాలెవరో తెలియలేదు. జీవితచక్రం చూస్తే ఆశ్చర్యమే. డింభకం ఆతిథేయికి అతుక్కున్నాక దాని ముందు రెండు దారులుంటాయి. ఒక దారిలో మొండెం రాలిపోయి, తల వెనక సంచి పెరిగి, మగ తోడు లేకుండానే అందులోంచి కొత్త డింభకాలు వస్తాయి. రెండో దారిలో డింభకం మొండెంలోనే ఒక ఉబ్బు పుట్టి, దాని లోపల ఈదగల మగజీవి తయారవుతుంది. అతుక్కునే ఉన్న తల నుంచి బొడ్డుతాడు లాంటి తీగ దానికి ఆహారం అందిస్తుంది. రొయ్య పెరగాలంటే కుబుసం విడవాల్సిందేనని చెరువు గట్టు మీద ఎవరినడిగినా చెబుతారు. ఇక్కడ ఆ చక్రంలో ఎక్కడా కుబుసం విడవడం కనబడదు. ఆడజీవి కూడా ఇలాగే సంచిలో తయారవుతుందని రోనీ హైస్, బాక్స్‌షాల్, లింకన్ 1993లో చూపారు. జపాన్ సముద్రాల్లో దొరికిన ఇటోయిటాంటులస్ మిసోఫ్రికోలా వాళ్ళకి ఆ ఆధారమిచ్చింది. ఆ ప్రజాతి పేరులో జపాన్ శాస్త్రవేత్త తత్సునోరి ఇటో ఉన్నాడు. ఆ ఆడజీవికి తల మీద ఒక జత మీసాలు ఉన్నాయి. మొత్తం చక్రంలో తలకి అవయవం కనిపించిన చోటు అదొక్కటే.

బాక్స్‌షాల్, లింకన్ అంతకుముందే మరో గుర్తు పట్టారు. ఆడజీవికి జననరంధ్రం మొండెం మొదటి ఖండం మీద, మగజీవికి ఏడో ఖండం మీద ఉంది. ఈ అమరిక బార్నకిళ్ళ వంశంలో కనిపించేదే. పడవల అడుగున, రేవు స్తంభాల మీద సున్నపు గుల్లలతో కరుచుకుపోయే బార్నకిళ్ళది కూడా ఇలాంటి చరిత్రే. గుల్ల ఉంది కాబట్టి నత్తల జట్టని వాటిని చాలాకాలం అనుకున్నారు. 1830లో జాన్ వాన్ థాంప్సన్ ఈదే డింభకం రాతికి అతుక్కుని బార్నకిల్‌గా మారడం చూశాకే అవి క్రస్టేషియన్లని తేలింది. పెద్దయ్యాక దాచేసిన చుట్టరికం అక్కడ డింభకం బయటపెట్టింది. ఇక్కడ డింభకమే బోసి కాబట్టి, కొన్నాళ్ళే బతికే ఆడా మగా ఆ పని చేశాయి.

ఆకారం చెప్పినదాన్ని జన్యువులతో సరిచూడటానికి మరో ఇరవై ఏళ్ళు పట్టింది. ఇంత చిన్న ఒంటిలోంచి డీఎన్ఏ తీయడమే పెద్ద పని. అందులో ఆతిథేయి డీఎన్ఏ కలవకుండా చూసుకోవాలి. రష్యా శాస్త్రవేత్తలు శ్వేతసముద్రంలో దొరికిన రెండు జాతులతో ఆ పని చేసి 2014లో ఫలితం ప్రకటించారు. టాంటులోకారిడా బార్నకిళ్ళ వంశంలోపలే, వాటికి దగ్గరి చుట్టంగా నిలిచింది. 1980లో గొడుగులా పనికొచ్చిన మాక్సిల్లోపోడా అనే తరగతిని ఈ జన్యు పరిశోధనల కాలంలోనే శాస్త్రజ్ఞులు చాలావరకు వదిలేశారు. తరగతిగా పుట్టిన టాంటులోకారిడా కూడా ఏ మెట్టు మీద నిలవాలన్నది అప్పటి నుంచి మళ్ళీ చర్చలోకి వచ్చింది.

ఈలోగా 2010లో దక్షిణ మహాసముద్రపు లోతుల నుంచి టాంటులాకస్ డీటెరి వర్ణన వచ్చింది. దాని పొడవు 85 మైక్రోమీటర్లు. అలాంటివి పన్నెండు వరసగా పేరిస్తే ఒక్క మిల్లీమీటరు. కీళ్ళకాళ్ళ జీవులన్నిటిలో ఇంతకన్నా చిన్నది తెలియదు. కానరీ దీవుల స్టైగోటాంటులస్ స్టాకీ దీనికన్నా కాస్త పెద్దది, అదీ మిల్లీమీటరులో పదో వంతు లేదు. ఇప్పటివరకు వర్ణించిన జాతులు కొన్ని పదులే.

నాకు వీటిలో ఎక్కువ ఇష్టమైంది మొదటిదే. ముందు పెట్టిన పేరుకే ప్రాధాన్యం అన్నది నామకరణ నియమం. వర్గీకరణ ఎన్నిసార్లు మారినా ప్రజాతి పేరులోని తొలి ఊహని చెరిపేయడానికి వీల్లేదు. అందుకే నేటి జాబితాల్లో బార్నకిళ్ళ చుట్టాల సరసన క్యూమోనిస్కస్ అనే పేరు అలాగే ఉంది, లోపల ఇటుకల కింద తిరిగే 1903 నాటి ఆ బూడిదరంగు జీవితో సహా.