సంతకం హక్కు లేని లెక్కలవాళ్ళు

అనీ బిసెంట్ 1915లో మదనపల్లెలో పెట్టిన కాలేజీలో బీకాం చదివాను. చార్టర్డ్ అకౌంటెన్సీ (సీఏ) జోలికి పోలేదు. పద్దులు రాసే ఇల్లు గడుపుకొచ్చాను. మా పని సీఏ కాలేనివాళ్ళ పని అని ఎవరైనా అంటే నాకు నచ్చదు. దానికి వేరే చరిత్ర ఉంది. అది ఊరి లెక్కలు రాసే కరణాలతో మొదలవుతుంది.

1911లో చిత్తూరు జిల్లా ఏర్పడినప్పుడు మదనపల్లె కడప జిల్లా నుంచి వచ్చింది. పుంగనూరు, కుప్పం వైపు కంగుంది జమీందారీలు ఉత్తరార్కాటు నుంచి వచ్చాయి. అందుకే గ్రామోద్యోగాలకు జిల్లాలో రెండు చట్టాలు: జమీందారీ ఊళ్ళ కరణాలకు 1894 చట్టం, మిగతా ఊళ్ళవాళ్ళకు 1895 చట్టం. రెంటిలోనూ ఉద్యోగం తండ్రి నుంచి కొడుక్కే. అడంగల్, చిట్టా వంటి భూమి లెక్కలు రాయడం ఇంట్లోనే వచ్చేది. గ్రామోద్యోగానికి వంశం చూడడం రాజ్యాంగానికి విరుద్ధమని 1960లో మునసబు పదవి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులనే ఎత్తేసింది.

కరణాలు పోయిన ఏడాదే వ్యాపారుల లెక్కల కోసం కేంద్రం ఆదాయపు పన్ను చట్టంలో 44ఏబీ సెక్షన్ చేర్చింది. అప్పట్లో అమ్మకాలు 40 లక్షలు దాటిన వ్యాపారి సీఏతో ఆడిట్ చేయించి తీరాల్సి వచ్చింది. సంతకం సీఏది. మరి ఆ సంతకం దాకా ఏడాది పొడుగునా పుస్తకం రాసేదెవరు? మా బోటివాళ్ళే.

మదనపల్లె టమోటా మార్కెట్‌కు వెళ్ళి చూడండి. రైతు పేరు, బాక్సుల లెక్క, వేలంలో పలికిన ధర, కమీషన్, హమాలీ, మండీ యజమాని ముందే ఇచ్చిన అప్పు, అన్నీ పోగా రైతుకు రావలసింది. గుమాస్తా ఇదంతా అక్కడికక్కడే చీటీ మీద తేల్చాలి. ఒక్క అంకె తప్పితే రైతు కష్టం గంగపాలు. తాజా టమోటాకు జీఎస్టీ లేదు, అయినా గుమాస్తా లేని మండీ లేదు. ఈ పనిలో ఉన్న బరువు చదువుకున్నవాళ్ళు గుర్తించకపోవడం నాకు బాధ.

కుప్పానిది ఇంకో దారి. అటు తమిళనాడు, ఇటు కర్ణాటక. సరిహద్దు దాటి సరుకు అమ్మితే ఒకప్పుడు కొన్నవాడి దగ్గర నుంచి సీ ఫారం తెప్పించుకోవాల్సి వచ్చేది. అది రాకపోతే ఎక్కువ పన్ను అమ్మినవాడి నెత్తిన పడేది. ఆ ఫారాల వెంట తిరిగి తిరిగి అక్కడి గుమాస్తాలు పన్ను చట్టం నేర్చుకున్నారు. 2017 జూలై 1న జీఎస్టీ రాగానే ఆ అనుభవం అక్కరకొచ్చింది.

బీకాం చదివినవాళ్ళు జీఎస్టీ ప్రాక్టీషనర్‌గా పేరు నమోదు చేసుకుని, నిర్ణీత పరీక్ష గట్టెక్కితే వ్యాపారుల రిటర్నులు దాఖలు చేయవచ్చు. పుంగనూరులోనో కుప్పంలోనో డిగ్రీ చేతబట్టుకుని ఎటు పోవాలో తోచని పిల్లలు ముందు ఆ పరీక్ష రాయండి. మండీ యజమానులూ, మీ గుమాస్తాకు నియామక పత్రం, పీఎఫ్ ఇవ్వండి. మీ పుస్తకం నిలబడేది అతని చేతి మీదే.