ప్రొఫెషనల్ రెజ్లింగ్: ఫలితం ముందే ఖరారైన పోటీలో నిబంధనలెందుకు? రెఫరీ చేసే పనేమిటి?

ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో గెలుపోటములు ముందుగానే నిర్ణయమవుతాయి. ఎవరు నెగ్గాలి, పోటీ ఎలా ముగియాలి అన్నది నిర్వాహకులు ఖరారు చేస్తారు. బరిలోకి దిగే మల్లయోధులకు ఆ సంగతి తెలుసు. అయినప్పటికీ ప్రతి పోటీలో ఒక రెఫరీ ఉంటారు. ఆయన లెక్క పెడతారు, హెచ్చరిస్తారు, అనర్హత వేటు వేస్తారు, విజేత చేతిని పైకెత్తుతారు. ఫలితం ముందే తెలిసిన చోట తీర్పరి అవసరమేమిటన్న ప్రశ్న సహజంగానే తలెత్తుతుంది. ఆ పాత్రలో కొంత నటన, కొంత నిర్వహణ ఉన్నాయి. వీటికి మించి, ఒక మనిషి ప్రాణానికి సంబంధించిన బాధ్యత కూడా ఉంది.

క్రీడా, ప్రదర్శనా?

ఒలింపిక్స్‌లో జరిగే కుస్తీకి, దీనికి పోలిక పేరులోనే. ఒలింపిక్ కుస్తీలో రెఫరీ, జడ్జి, మ్యాట్ ఛైర్మన్ అనే ముగ్గురు అధికారులు కలిసి పాయింట్లు నిర్ణయిస్తారు. మూడేసి నిమిషాల చొప్పున రెండు భాగాలుగా పోటీ సాగుతుంది. తీర్పు నచ్చకపోతే వీడియో సమీక్ష కోరే అవకాశం ఉంటుంది. ప్రొఫెషనల్ రెజ్లింగ్‌లో పాయింట్లు లేవు, సమీక్ష లేదు. బరిలో కనిపించే రెఫరీ మాటే తుది తీర్పు.

దశాబ్దాల పాటు ఈ రంగం తనను తాను నిజమైన పోటీగానే చెప్పుకుంది. అమెరికాలోని పలు రాష్ట్రాల్లో బాక్సింగ్ మాదిరిగానే దీన్నీ అథ్లెటిక్ కమిషన్లు నియంత్రించేవి. ఆ నియంత్రణ నుంచి, పన్నుల నుంచి మినహాయింపు కోరుతూ 1989లో వరల్డ్ రెజ్లింగ్ ఫెడరేషన్ (నేటి డబ్ల్యూడబ్ల్యూఈ) న్యూజెర్సీ రాష్ట్ర చట్టసభ ముందు ఇది ప్రేక్షకుల వినోదం కోసం జరిగే ప్రదర్శనే తప్ప యథార్థమైన క్రీడా పోటీ కాదని అంగీకరించింది. అప్పటి నుంచి నియమాలు, రెఫరీలు, భద్రత అన్నీ ప్రధానంగా ఆయా సంస్థల చేతుల్లోకే వెళ్లాయి.

బరిలోని ప్రధాన నియమాలు

ప్రపంచవ్యాప్తంగా ఈ రంగానికి ఒకే నియమావళి గానీ, దాన్ని అమలు చేసే ఉమ్మడి సమాఖ్య గానీ లేవు. ఎవరి నియమాలు వారివే. అయితే కొన్ని సూత్రాలు దాదాపు అంతటా కనిపిస్తాయి.

* పిన్‌ఫాల్: ప్రత్యర్థి రెండు భుజాలనూ నేలకు అదిమిపట్టి ఉంచగా, రెఫరీ బరిని అరచేత్తో మూడుసార్లు చరిచి లెక్కిస్తే గెలుపు. మూడో దెబ్బకు ముందే భుజం లేస్తే లెక్క రద్దవుతుంది.

* సబ్మిషన్: పట్టును భరించలేక మల్లయోధుడు చేత్తో తట్టినా, నోటితో ఓటమి ఒప్పుకున్నా పోటీ ముగుస్తుంది.

* కౌంట్ అవుట్: బరి వెలుపల ఉండిపోయినవారు నిర్ణీత లెక్కలోగా తిరిగి రావాలి. డబ్ల్యూడబ్ల్యూఈలో ఈ లెక్క 10, న్యూ జపాన్ ప్రో రెజ్లింగ్‌లో 20.

* తాడు నియమం: పట్టులో చిక్కుకున్నవారు బరి చుట్టూ ఉన్న తాడును అందుకుంటే ప్రత్యర్థి పట్టు విడవాలి. 5 అంకెలు లెక్కించేలోగా విడవకపోతే అనర్హత వేటు పడుతుంది.

* అనర్హత: కుర్చీ వంటి వస్తువులతో కొట్టడం, నడుము కింద దెబ్బ తీయడం, బయటి వ్యక్తి జోక్యం చేసుకోవడం ఇందుకు కారణాలు.

డబ్ల్యూడబ్ల్యూఈ సహా పలు సంస్థల్లో సాధారణంగా అనర్హత వల్ల గానీ, కౌంట్ అవుట్ వల్ల గానీ టైటిల్ చేతులు మారదు. ఈ ఒక్క నియమం ఎన్నో కథలకు ఆధారమైంది. ఓటమి అంచున ఉన్న ఛాంపియన్ కావాలనే తప్పు చేసి, పోటీలో ఓడి టైటిల్‌ను మాత్రం దక్కించుకోవడం ప్రేక్షకులకు పరిచితమైన దృశ్యమే.

ట్యాగ్ టీమ్ పోటీల్లో ఒక్కో జట్టు నుంచి ఒక్కరే బరిలో ఉండాలి. సహచరుడి చేతిని తాకితేనే రెండోవారికి ప్రవేశం. మెక్సికోలోని ‘లూచా లిబ్రే’లో జట్టు పోటీలకు ఈ నియమం సడలింపుతో ఉంటుంది. ఒకరు బరి బయటకు వెళ్లగానే సహచరుడు నేరుగా లోపలికి రావచ్చు. అక్కడ ప్రత్యర్థి ముసుగును లాగివేస్తే అనర్హతే. తలను నేలకేసి కొట్టే ‘మార్టినెటె’ పట్టు కూడా నిషిద్ధం.

చూడకపోవడమూ పాత్రలో భాగమే

రెఫరీ అటు తిరిగి ఉండగా ఇటు ప్రతినాయకుడు కుర్చీ ఎత్తుతాడు. వేలాదిమంది ప్రేక్షకులు కేకలు వేసినా రెఫరీకి వినపడదు. ఇది అసమర్థత కాదు, కథకు అవసరమైన ఏర్పాటు. నియమం ఉంటేనే ఉల్లంఘన ఉంటుంది. ఉల్లంఘన ఉంటేనే ప్రేక్షకుడిలో ఆగ్రహం పుడుతుంది. రెఫరీకి ప్రమాదవశాత్తూ దెబ్బ తగిలి పడిపోయినట్లు చూపడం కూడా ఈ కోవలోనిదే. ఆయన స్పృహలో లేని ఆ కొద్ది క్షణాల్లో అన్ని అక్రమాలూ జరిగిపోతాయి.

1988 ఫిబ్రవరి 5న అమెరికాలోని ఇండియానాపోలిస్‌లో హల్క్ హోగన్, ఆండ్రే ది జెయింట్ తలపడినప్పుడు రెఫరీయే కథకు కేంద్రమయ్యారు. హోగన్ భుజం పైకి లేచినా రెఫరీ మూడు లెక్కించేశారు. మరుక్షణమే అచ్చం అదే రూపంలో ఉన్న మరో రెఫరీ బరిలో ప్రత్యక్షమయ్యారు. కవల సోదరులైన డేవ్ హెబ్నర్, ఎర్ల్ హెబ్నర్‌లతో నడిపిన ఆ ఘట్టాన్ని ఎన్‌బీసీ టెలివిజన్ దేశమంతటా ప్రసారం చేసింది.

ప్రేక్షకులకు కనిపించని విధులు

పెద్ద సంస్థల పోటీల్లో రెఫరీ చెవిలో చిన్న ఇయర్‌పీస్ ఉంటుంది. ఎంత సమయం మిగిలింది, ప్రకటనల విరామం ఎప్పుడు, ముగింపు ఎప్పుడు మొదలుపెట్టాలి అన్న ఆదేశాలు తెర వెనుక నుంచి అందులో వస్తాయి. కింద పడిన మల్లయోధుడిని పరీక్షిస్తున్నట్లు వంగి, ఆ సమాచారాన్ని రెఫరీ చెవిలో చేరవేస్తారు. ఒకరు చెప్పిన మాటను మరొకరికి అందించే వారధి కూడా ఆయనే.

అన్నింటికన్నా ముఖ్యమైనది క్షేమ సమాచారం. పడిపోయినవారి చేతిని రెఫరీ పట్టుకున్నప్పుడు, బాగానే ఉన్నానన్న సూచనగా వారు ఆ చేతిని నొక్కుతారు. స్పందన లేకపోతే, నిజంగానే గాయమైందని తేలితే, రెఫరీ రెండు చేతులనూ తలపై అడ్డంగా పెట్టి గుణకార చిహ్నం చూపుతారు. వైద్యులు రావాలని, ఇది కథలో భాగం కాదని దాని అర్థం. కొన్ని సందర్భాల్లో ఈ సంకేతాన్నే కథ కోసం వాడుకోవడం విమర్శలకు దారితీసింది. నిజాన్ని తెలిపేందుకు మిగిలిన ఒక్క సంకేతం కూడా నటనలో కలిసిపోతే ప్రమాదమన్నది ఆ విమర్శల సారాంశం.

మాంట్రియల్ ఉదంతం

1997 నవంబరు 9న కెనడాలోని మాంట్రియల్‌లో బ్రెట్ హార్ట్, షాన్ మైకేల్స్ మధ్య జరిగిన పోటీ రెఫరీ పాత్రపై నేటికీ సాగుతున్న చర్చకు మూలం. అప్పటికి ఛాంపియన్ అయిన హార్ట్ ప్రత్యర్థి సంస్థ డబ్ల్యూసీడబ్ల్యూలో చేరబోతున్నారు. స్వదేశంలో, మైకేల్స్ చేతిలో టైటిల్ కోల్పోవడానికి ఆయన అంగీకరించలేదు. పోటీ అనర్హతతో ముగిసేలా ఒప్పందం కుదిరింది.

అయితే హార్ట్‌కు పేరు తెచ్చిన ‘షార్ప్‌షూటర్’ పట్టును మైకేల్స్ ఆయనపైనే ప్రయోగించిన క్షణంలో, హార్ట్ లొంగిపోకపోయినా రెఫరీ ఎర్ల్ హెబ్నర్ గంట మోగించాలని సంకేతమిచ్చారు. బరి పక్కనే నిలబడిన సంస్థ అధినేత విన్స్ మెక్‌మహన్ కూడా అదే ఆదేశం జారీ చేశారు. టైటిల్ మైకేల్స్‌కు దక్కింది. తనను మోసగించబోనని రెఫరీ ముందే మాట ఇచ్చారని హార్ట్ తరువాత వెల్లడించారు. కల్పిత పోటీలో సైతం మల్లయోధుడు రెఫరీని నమ్మే బరిలో దిగుతాడని, ఆ నమ్మకం మాత్రం కల్పితం కాదని ఈ ఉదంతం రుజువు చేసింది.

నటన ఆగిపోయినప్పుడు

2009 జూన్ 13న జపాన్‌లోని హిరోషిమాలో ప్రఖ్యాత మల్లయోధుడు మిత్సుహారు మిసావా వెనక్కి ఎత్తివేసే పట్టులో పడి కదలలేకపోయారు. రెఫరీ పోటీని ఆపివేశారు. అయినా మిసావా ప్రాణాలు దక్కలేదు. 2015 మార్చిలో మెక్సికోలోని తిహువానాలో పెర్రో అగ్వాయో జూనియర్ బరిలోనే మెడకు తీవ్ర గాయమై తాడుపై వాలిపోయారు. అది నటన కాదని గుర్తించేలోగా పోటీ కొంతసేపు కొనసాగింది. ఆయనా మరణించారు.

ఈ రెండు ఘటనలూ ఒకే విషయం చెబుతాయి. బాధను అభినయించడమే వృత్తి అయిన చోట అసలు బాధను గుర్తించడం కష్టం. ఆ తేడాను క్షణాల్లో పసిగట్టాల్సింది అందరికన్నా దగ్గరగా ఉండే రెఫరీయే. తలపై కుర్చీతో కొట్టడాన్ని డబ్ల్యూడబ్ల్యూఈ 2010లో నిషేధించింది. రక్తం వస్తే రెఫరీ చేతి తొడుగులు వేసుకోవడం, వైద్యుడిని పిలవడం ఇప్పుడు తరచూ కనిపించే దృశ్యాలు.

భారత్‌తో అనుబంధం

మన దేశంలో ఈ ప్రదర్శనకు ఆదరణ పాతదే. దారాసింగ్ పేరు తరాల తరబడి ఇంటింటా వినిపించింది. 2007 జులైలో ది గ్రేట్ ఖలీగా పేరొందిన దలీప్ సింగ్ రాణా బ్యాటిల్ రాయల్ పోటీలో నెగ్గి వరల్డ్ హెవీవెయిట్ ఛాంపియన్ అయ్యారు. ఆ తరహా పోటీలో పిన్‌ఫాల్ ఉండదు. పై తాడు మీదుగా బయటకు పడి, రెండు పాదాలూ నేలను తాకితే నిష్క్రమణే. 2017 మే 21న కెనడాకు చెందిన పంజాబీ సంతతి మల్లయోధుడు జిందర్ మహల్, బరి పక్కనున్న సింగ్ సోదరుల జోక్యం తోడవగా, ర్యాండీ ఓర్టన్‌ను ఓడించి డబ్ల్యూడబ్ల్యూఈ టైటిల్ గెలిచారు.

2023 సెప్టెంబరు 8న హైదరాబాద్ గచ్చిబౌలిలోని జీఎంసీ బాలయోగి ఇండోర్ స్టేడియంలో డబ్ల్యూడబ్ల్యూఈ ‘సూపర్‌స్టార్ స్పెక్టకిల్’ నిర్వహించింది. జాన్ సీనా, సెత్ రోలిన్స్ ఒక జట్టుగా బరిలో దిగిన ఆ రాత్రి తెలుగు ప్రేక్షకులు ఈ పోటీలను ప్రత్యక్షంగా చూశారు.

ప్రేక్షకుడి చూపు సహజంగానే తారలపై ఉంటుంది. ఈసారి పోటీ చూసేటప్పుడు ఒక్కసారి రెఫరీ చేతిని గమనించండి. మూడు లెక్కించే ఆ చేయి కథను ముగిస్తుంది. పడినవారి అరచేతిని వెతికే ఆ చేయే, వారు క్షేమంగా ఉన్నారో లేదో తెలుసుకుంటుంది.