బోటులో ట్యాబ్‌ చాలా? చార్ట్‌ ప్లాటర్‌ కొనాల్సిందేనా?

అనంతపురం పక్కనున్న బుక్కరాయసముద్రం పేరులోనే సముద్రం ఉంది. ఊళ్లో ఉన్నది మాత్రం విజయనగర రాజుల కాలంనాటి చెరువు. అందులో చేపలు పట్టేవారికి ఎటు చూసినా గట్టు కనిపిస్తుంది. దారి చూపే యంత్రంతో పనిలేదు. అందుకే కరవు సీమలో కూర్చుని ‘తండేల్‌’ సినిమా చూసినవారికి ఒక సందేహం వస్తుంది. జేబులో ఫోన్‌, ఫోన్లో జీపీఎస్‌ ఉండగా నడిసముద్రంలో సరిహద్దు దాటడమేంటి?

సినిమా వెనకున్న సంఘటన నిజమే. 2018 నవంబరులో గుజరాత్‌ తీరం నుంచి వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల మత్స్యకారులు పాకిస్థాన్‌కు చిక్కారు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నాక 2020 జనవరి 6న 20 మంది వాఘా దగ్గర మన నేల మీద అడుగుపెట్టారు. నీటి మీద సరిహద్దు గీత ఉండదు. అది కనిపించేది తెర మీదే. ఆ తెర ట్యాబ్‌ది కావాలా, బోటుకు బిగించే చార్ట్‌ ప్లాటర్‌ది కావాలా అన్నది అందుకే చిన్న విషయం కాదు.

సిగ్నల్‌ లేకపోతే జీపీఎస్‌ ఆగిపోతుందా?

ఆగదు. చాలామంది పొరబడేది ఇక్కడే. జీపీఎస్‌ సంకేతం ఉపగ్రహం నుంచి వస్తుంది, సెల్‌ టవర్‌ నుంచి కాదు. సిమ్‌ లేకపోయినా ఫోన్‌ మీ అక్షాంశ రేఖాంశాలు చూపిస్తుంది. చూపించలేనిది మ్యాప్‌. తీరం దాటి కొన్ని కిలోమీటర్లు వెళ్లాక నెట్‌ పోతుంది. ముందే డౌన్‌లోడ్‌ చేసుకోకపోతే ఖాళీ తెర మీద చుక్క ఒక్కటే మిగులుతుంది. గూగుల్‌ మ్యాప్స్‌లో అయితే సముద్రమంతా నీలి రంగే. లోతు ఎంతో, రాళ్లెక్కడో ఉండవు. అందుకు సముద్ర పటాలున్న యాప్‌ వేరే కావాలి. ఇంకో మెలిక ఉంది. వైఫై మాత్రమే ఉన్న ఐప్యాడ్‌లో అసలు జీపీఎస్‌ చిప్‌ ఉండదు. ఇంట్లో మ్యాప్‌ బాగానే కనిపించిందని బోటెక్కిస్తే ఉత్త అద్దమే.

ట్యాబ్‌ ఎక్కడ మొరాయిస్తుంది?

ఎండలో. ఐప్యాడ్‌ను 35 డిగ్రీల లోపు వాడాలని తయారీదారే చెబుతాడు. మే నెల ఎండలో బోటు మీద పెడితే ముందు తెర మసకబారుతుంది, తర్వాత వేడి హెచ్చరిక చూపించి ఆగిపోతుంది. తడి వేళ్లను టచ్‌స్క్రీన్‌ సరిగా గుర్తించదు. ఉప్పు నీరు చార్జింగ్‌ రంధ్రాన్ని తినేస్తుంది. ‘వాటర్‌ప్రూఫ్‌’ అని పెట్టె మీద రాసి ఉన్నా ఆ పరీక్ష సాధారణంగా మంచినీటితో చేసిందే.

ప్లాటర్‌ ఈ కష్టాల కోసమే పుట్టింది. ఎండలోనూ కనిపించే తెర, తడి చేత్తో నొక్కగలిగే బటన్లు, బోటు బ్యాటరీ నుంచి నేరుగా కరెంటు. చాలా మోడళ్లకు లోతు చూపే ఎకో సౌండర్‌నూ కలుపుకోవచ్చు. లోపాలు లేవని కాదు. ధర పదుల వేలల్లో ఉంటుంది. చార్ట్‌ కార్డు, యాంటెన్నా, వైరింగ్‌ విడిగా లెక్కేసే దుకాణాలున్నాయి. అన్నీ కలిపి ఎంతో అడిగాకే బేరం మొదలుపెట్టాలి. బోటు బ్యాటరీ పోతే ప్లాటరూ పోతుంది.

యంత్రం కంటే అంకెతోనే ప్రమాదం

చేపలు ఎక్కడ దొరికే అవకాశముందో హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్‌ సంస్థ ఉపగ్రహ సమాచారం ఆధారంగా చెబుతుంది. రేవు నుంచి ఏ దిక్కున, ఎంత దూరంలో, ఎంత లోతులో అన్న వివరాలతో పాటు అక్షాంశ రేఖాంశాలు కూడా ఇస్తుంది. తేడా వచ్చేది వాటిని తెర మీద నమోదు చేసేటప్పుడే. 17 డిగ్రీల 30 నిమిషాలు అంటే 17.30 కాదు, 17.50. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 17.30 అని కొడితే అది 17 డిగ్రీల 18 నిమిషాలవుతుంది. ఆ 12 నిమిషాల తేడా సముద్రం మీద దాదాపు 22 కిలోమీటర్లు. డీజిల్‌ వృథా అవడం ఒక ఎత్తు, సరిహద్దు దగ్గర ఇదే పొరపాటు జరగడం ఇంకో ఎత్తు. ఫోన్‌, ప్లాటర్‌ రెండూ వాడేవారు రెండింటి సెట్టింగ్‌ ఒకే పద్ధతిలో ఉందో లేదో గట్టు మీదే చూసుకోవాలి.

మరి ఎవరికి ఏది?

పొద్దున వెళ్లి మధ్యాహ్నానికి ఒడ్డు చేరే ఫైబర్‌ బోటుకు, విశాఖ డాల్ఫిన్‌ నోస్‌ కొండలాంటి గుర్తు కనుచూపులో ఉన్నంత దూరం, నీరు చొరబడని కవర్లో ఫోన్‌, ఒక పవర్‌ బ్యాంక్‌, ఒక దిక్సూచి సరిపోవచ్చు. రోజుల తరబడి వేటలో ఉండే మరబోటుకు ప్లాటరే ఉండాలి, ట్యాబ్‌ దానికి తోడు మాత్రమే. ఇంటి దగ్గర దారి వేసుకోవడానికి, వాతావరణం చూసుకోవడానికి పెద్ద తెర ట్యాబ్‌ను మించింది లేదు. ఆ మాట ఒప్పుకోవాల్సిందే.

ఈ రెండూ చేయలేని పని ఒకటుంది. నెట్‌వర్క్‌ లేనిచోట సాయం కోసం పిలవడం. దానికే ప్రభుత్వం ఉచితంగా ట్రాన్స్‌పాండర్లు ఇస్తోంది. ఇస్రో సాంకేతికతతో తయారైన ఈ పరికరం ఉపగ్రహం ద్వారా ఆపద సందేశం పంపుతుంది, ఒడ్డు నుంచి సందేశాలు అందుకుంటుంది, సరిహద్దు దగ్గరపడితే హెచ్చరిస్తుంది. ప్రధానమంత్రి మత్స్య సంపద యోజన కింద లక్ష బోట్లకు బిగించే రూ.364 కోట్ల పథకాన్ని 2024 ఆగస్టు 30న మహారాష్ట్రలోని పాల్‌ఘర్‌లో ప్రారంభించారు. బోటు రిజిస్ట్రేషన్‌ ఉందో లేదో ముందు చూసుకుని, గ్రామ సచివాలయంలోని మత్స్య సహాయకుణ్ని గానీ జిల్లా మత్స్యశాఖ కార్యాలయాన్ని గానీ అడగాలి.

తూర్పు తీరంలో ఏప్రిల్‌ 15 నుంచి జూన్‌ 14 వరకు వేట నిషేధం. బోట్లు గట్టున ఉండే ఆ 61 రోజుల్లోనే వైరింగ్‌ వేయించుకుని, సెట్టింగులు సరిచూసుకోవడం మేలు. తీర రక్షక దళం నంబరు 1554. సిగ్నల్‌ ఉన్నంత వరకే అది కలుస్తుంది. అది దాటాక వీహెచ్‌ఎఫ్‌ సెట్టులో 16వ చానల్‌.