మూసకు దక్కని వెండి

బంగారం కొట్టుకు వెళ్ళినవారు "హాల్‌మార్కు ఉన్నదా?" అని అడగడం ఇప్పుడు మామూలైపోయింది. ఆ మాటలోని 'హాల్' ఏదన్న ప్రశ్న మాత్రం చాలామందికి తోచి ఉండదు. అది లండను నగరంలో స్వర్ణకారుల సంఘానికి చెందిన భవనం, గోల్డ్‌స్మిత్స్ హాల్. పనివారు తాము చేసిన వస్తువులను అక్కడికి తెచ్చి పరీక్ష చేయించి, ముద్ర వేయించుకోవాలన్న ఏర్పాటు 1478లో స్థిరపడింది. హాలులో పడిన ముద్ర గనుక హాల్‌మార్కు. మన ఊళ్ళ నగల దుకాణాల దాకా నడిచివచ్చిన ఈ మాట పుట్టుకలో బంగారం కన్నా వెండి పాత్రే పెద్దది. పాత ఇంగ్లీషు వెండి సామాను సేకరించేవారు, అంటే చెంచాలు, ఉప్పుగిన్నెలు, తేనీటి కూజాలు, కొవ్వొత్తి స్తంభాలు వెదకి కూర్చుకునేవారు, మొట్టమొదట నేర్చుకునే అక్షరమాల ఈ ముద్రలే.

కథ 1300లో మొదలవుతుంది. మొదటి ఎడ్వర్డు రాజు చేసిన చట్టం ప్రకారం వెండి వస్తువు నాణేనికి వాడే వెండికి తీసిపోకూడదు. అంటే వెయ్యి పాళ్ళలో 925 పాళ్ళు శుద్ధమైన వెండి ఉండాలి. స్టెర్లింగ్ అనేది దీనినే. పరీక్షలో నెగ్గిన వస్తువు మీద చిరుతపులి తల ముద్ర వేసేవారు. నాణేనికీ గిన్నెకూ ఒకే వన్నె ఎందుకన్న ప్రశ్నకు జవాబు తేలిక. ఆ కాలంలో గిన్నె కూడా రొక్కమే. చేతిలో డబ్బు ఆడినప్పుడు నాణేలు కరిగించి పళ్ళెం చేయించుకునేవారు. అవసరం పడితే పళ్ళెం కరిగించి నాణేలు చేసుకునేవారు. ఇది మనకు కొత్త సంగతి కాదు. అమ్మమ్మ చెంబు కరిగి మనవరాలి పెళ్ళిలో కంచం కావడం మన ఇళ్ళలో ఎన్నడూ వింత కాలేదు.

ఆ అలవాటు వల్లనే పాత వెండి అరుదైపోయింది. 1642లో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధం రాగా రెండు పక్షాలవారూ సైన్యాల జీతాలకు వెండిని మూసలో వేశారు. 1643లో ఆక్స్‌ఫర్డు కళాశాలలు తరతరాలుగా దాచుకున్న గిన్నెలను మొదటి చార్లెస్ రాజు టంకశాలకు సమర్పించుకున్నాయి. కార్పస్ క్రిస్టీ కళాశాల తన పాత వెండిని నిలుపుకోగలిగింది గనుకనే నేటికీ దానిని అంతగా చెప్పుకుంటారు. యుద్ధం లేని రోజుల్లో ఆ పని మోజు చేసింది. తాతగారి పళ్ళెం పాతబడిందని తోస్తే కరిగించి కొత్త తీరున చేయించుకునేవారు. మనుమడికి అది నాశనంగా కాక ముస్తాబుగానే తోచింది.

ఇక ముద్రల సంగతి. 1363 నుండి పనివాడి సొంత గుర్తు కూడా ఉండాలన్నారు. 1478 నుండి ఏటేటా మారే ఒక అక్షరం వచ్చి చేరింది. ఈ సంవత్సరాక్షరం భావి చరిత్రకారుల మేలుకోరి పెట్టినది కాదు. తక్కువ వన్నె వస్తువు బయటపడితే, ఆ ఏడు పరీక్ష చేసిన అధికారి ఎవరో పట్టుకోవడానికి పెట్టినది. 1544లో నడిచే సింహం వచ్చింది. 1697లో మరొక మలుపు. జనం నాణేల అంచులు కత్తిరించి, కరిగించి వెండి వస్తువులుగా మారుస్తుండడంతో, నాణేనికీ వస్తువుకూ ఉన్న ఆ బంధాన్ని తెంచడానికి వస్తువుల వన్నెను వెయ్యికి 958 పాళ్ళకు పెంచారు. బ్రిటానియా బొమ్మ ముద్ర ఆనాటిదే. 1720లో మళ్ళీ పాత వన్నెను అనుమతించారు. అయితే ఔన్సుకు ఆరు పెన్నీల సుంకం దానితోపాటే వచ్చింది.

సుంకం రాగానే దానిని ఎగవేసే ఉపాయమూ వచ్చింది. ఒక చిన్న వస్తువు చేసి, కొద్దిపాటి సుంకం కట్టి ముద్ర వేయించుకోవడం, ఆ ముద్రలున్న బిళ్ళను కోసి పెద్ద కాఫీ కూజా అడుగున అతికించడం. సేకర్తలు ఇప్పటికీ ముద్రల మీద నోటి ఆవిరి ఊది చూస్తారు. అతుకు ఉంటే సన్నని గీత తేలుతుంది. ఇదే తీరులో మరొక పరీక్ష తూకం. ఎన్నో పాత వస్తువుల అడుగున నాటి బరువు గీకి ఉంటుంది. నేటి తూకం దానికన్నా చాలా తక్కువైతే ఏదో భాగం కోత పడిందనీ, ఎక్కువైతే ఏదో వచ్చి చేరిందనీ అనుమానించాలి. 1758లో ఆ సుంకం ఎత్తివేశారు. 1784లో తిరిగి విధించి, కట్టినందుకు గుర్తుగా రాజుగారి తల ముద్ర వేశారు. 1890లో అదీ పోయింది. కాబట్టి చెంచా మీద రాజు తలగానీ రాణి తలగానీ కనిపిస్తే, అది సాధారణంగా ఆ 106 ఏళ్ళ నడిమిది.

ఈ ముద్రలు మనుషులను కూడా చెబుతాయి. హెస్టర్ బేట్‌మన్ 1760లో భర్తను పోగొట్టుకున్నది. చదువు రాదు. మరుసటి ఏడే తన పేరిట హెచ్.బి. అనే రెండక్షరాల ముద్రను నమోదు చేయించుకొని, కొడుకులతో కలిసి 1790 వరకు కార్ఖానా నడిపింది. పలుచని రేకుతో, యంత్రాల సాయంతో మధ్యతరగతి ఇళ్ళవారు కొనగల చెంచాలు, కూజాలు చేయించింది. అప్పటికి ఆమెకు పోటీగా రాగిరేకు మీద వెండిరేకు అంటించి చేసే షెఫీల్డ్ సామాను బజారులో ఉన్నది. అది థామస్ బోల్సోవర్ 1740లలో కనిపెట్టిన పద్ధతి. సంతకం చేయలేని స్త్రీ పేరు రెండున్నర శతాబ్దాలుగా నిలవడానికి ఆ రెండక్షరాలే ఆధారం.

ముద్రలు లేనిచోట ఏమవుతుందో తెలియాలంటే మనకు దగ్గరి ఉదాహరణ మద్రాసు. తెలుగు జిల్లాలు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగమై ఉన్న ఆ కాలంలో, అక్కడి పి. ఆర్ అండ్ సన్స్ వంటి కంపెనీలు దేవతామూర్తులు చెక్కిన 'స్వామి' వెండి సామాను తెల్లదొరల కోసం చేయించేవి. వాటి మీద కంపెనీ పేరు ఉంటుంది గాని సంవత్సరాక్షరం ఉండదు. బహుమతిగా ఇచ్చినప్పుడు తేదీ చెక్కించి ఉంటే సరి, లేకుంటే పోలికల మీద ఊహించవలసిందే. చెక్కిన కంసాలి పేరు సాధారణంగా ఎక్కడా కానరాదు.

ఇంగ్లండులోనైనా ఈ అక్షరమాలను చదవడం 19వ శతాబ్దిలోగాని మొదలుకాలేదు. ఆ శతాబ్ది నడుమ ఆక్టేవియస్ మోర్గన్ సంవత్సరాక్షరాల పట్టిక కూర్చాడు. 1878లో క్రిప్స్, 1905లో చార్లెస్ జేమ్స్ జాక్సన్ పెద్ద గ్రంథాలు వెలువరించారు. అప్పటిదాకా తూచి అమ్మే లోహంగా ఉన్న వస్తువు చదవదగిన పత్రమయింది. మోసగాడిని పట్టడానికి వేసిన ముద్ర, మూసలో పడబోయే గిన్నెను అడ్డుకునే సాక్షి అయింది.

అయితే ఈ రక్షణ అందరికీ సమానం కాదు. 1980 జనవరిలో, అమెరికాలో హంట్ సోదరులు వెండిని పోగుచేయగా, ధర ఔన్సుకు 50 డాలర్ల దాపుకు వెళ్ళింది. ఆ నెలల్లో ఇంగ్లండులోనూ అమెరికాలోనూ లెక్కలేనంత పాత వెండి తూకానికి అమ్ముడై కరిగిపోయింది. 2025లో ఆ ధర కూడా వెనుకబడింది. ఇలాంటప్పుడు పేరుమోసిన పనివారి కూజాలకు భయం లేదు, వాటిని కాచుకునే ప్రదర్శనశాలలున్నాయి. మూసకు మొదట బలయ్యేది అనామకుల చెంచాలు, అరిగిన ఫోర్కులు, ఎవరి పెళ్ళికో ఇచ్చిన సాదా పళ్ళేలు. ఒక సామాన్య కుటుంబం ఏమి తిన్నదో, ఎలా తిన్నదో చెప్పేవి అవే. సేకర్త పని విలువైనదాన్ని కొనడం మాత్రమే అనుకుంటాము. నిజానికి ఎవరికీ పట్టని చెంచాను తిరగవేసి, దాని వెనుక ఉన్న నాలుగు ముద్రలు చదివి, ఇది లోహం కాదని చెప్పగలగడమే అతని అసలు పని.

మనకు సంవత్సరాక్షరాలు లేవు. కాని గిన్నెల మీద పేర్లు కొట్టించే అలవాటు ఉండేది. ఇంటిపేరు, ఊరు, ఒక్కొక్కసారి తేదీ. పాత వెండి మార్చి కొత్తది తెచ్చుకునే ముందు, త్రాసులో పెట్టకమునుపు, ఒక్కసారి వస్తువును తిరగవేసి చదవండి. త్రాసు బరువు చెబుతుంది, ఆ పేరు ఎవరిదో మాత్రం చెప్పలేదు.