దేహదానం

చనిపోయాక తన శరీరాన్ని వైద్యవిద్యకో పరిశోధనకో అప్పగించమని మనిషి బతికుండగానే రాసివ్వడం దేహదానం. అవయవదానం వేరు. గుండె, కాలేయం వంటివి మరొకరి ఒంట్లో పనిచేయాలంటే సాధారణంగా బ్రెయిన్ డెడ్ అయిన దశలోనే, రక్తప్రసారం ఆగకముందే తీయాలి. దేహదానంలో శరీరం మొత్తం మెడికల్ కాలేజీ అనాటమీ విభాగానికి చేరుతుంది. కళ్లకు మాత్రం రెండుచోట్లా చోటుంది. కార్నియాలు ఇచ్చేశాక కూడా దేహాన్ని తీసుకుంటారు.

శవాన్ని చూసి శరీరం గురించి నేర్చుకోవడం మన దగ్గర పాత సంగతే. దేహాన్ని గడ్డితో చుట్టి, పంజరంలో ఉంచి, పారే నీటిలో ఏడు రోజులు నాననిచ్చి, ఆపై కుంచెతో మెల్లగా రాస్తూ పొర తర్వాత పొర చూడమంటుంది సుశ్రుత సంహిత. విషం వల్ల చనిపోయినవారిది, దీర్ఘరోగంతో తీసుకుని పోయినవారిది పనికిరాదని కూడా చెప్పింది. ఎలాంటి దేహం కావాలో అంత వివరంగా రాసినా, చనిపోయిన మనిషిని ముందుగా అడగాలన్న ఆలోచన పుట్టడానికి చాలా కాలం పట్టింది.

ఐరోపాలో శవపరిచ్ఛేదం చాలాకాలం శిక్షే. హత్య చేసి ఉరికంబమెక్కినవారి దేహాలను కోతకు ఇచ్చేందుకు బ్రిటన్‌లో 1752లో చట్టమే వచ్చింది. అవి చాలక సమాధులు తవ్వే దొంగలు బయల్దేరారు. 1828లో ఎడిన్‌బరోలో బర్క్, హేర్ అనే ఇద్దరు తవ్వే శ్రమ కూడా మానుకుని, 16 మందిని చంపి డాక్టర్ రాబర్ట్ నాక్స్‌కు అమ్మారు. మరుసటి జనవరిలో బర్క్‌ను ఉరితీసి, అతని శవాన్నీ కోశారు. ఆ అస్థిపంజరం ఇప్పటికీ ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో ఉంది.

1832 నాటి అనాటమీ చట్టం ఈ వ్యాపారాన్ని అణచింది. కానీ ఎలా? పేదల ఆశ్రమాల్లో దిక్కులేక చనిపోయినవారి దేహాలను కాలేజీలకు మళ్లించి. నిన్నటిదాకా హంతకులకు వేసిన శిక్ష ఇక పేదవాళ్ల వంతయింది. అదే ఏడాది జూన్‌లో కన్నుమూసిన తత్వవేత్త జెరెమీ బెంథామ్ మాత్రం తన దేహాన్ని కోయమని తానే రాసిపెట్టాడు. మిత్రుడు సౌత్‌వుడ్ స్మిత్ ఆ పని పూర్తిచేశాడు. బట్టలు తొడిగిన బెంథామ్ అస్థిపంజరం లండన్ యూనివర్సిటీ కాలేజీలో కుర్చీలో కూర్చునే ఉంటుంది.

మన దేశంలో 1836లో కలకత్తా మెడికల్ కాలేజీలో మధుసూదన్ గుప్తా అనే ఆయుర్వేద పండితుడు కులం కట్టుబాట్లను కాదని శవానికి కత్తి పెట్టాడు. అప్పటికీ అది దానంగా వచ్చిన దేహం కాదు. ఇక్కడి కాలేజీలు తరాల తరబడి అనాథశవాల మీదే నడిచాయి. ఎవరూ రాని శవం అంటే తరచుగా ఎవరూ లేని పేదవాడే. ఇంకో చీకటి కోణమూ ఉంది. ప్రపంచ వైద్యవిద్యార్థులకు అస్థిపంజరాలు ఎగుమతి చేసే పెద్ద అంగడిగా కలకత్తా ఉండేది. 1985లో కేంద్రం ఆ ఎగుమతిని నిషేధించింది.

ఈ చరిత్రలో తెలుగువారికి గర్వకారణమైన అధ్యాయం కాకినాడది. ప్రఖ్యాత జన్యుశాస్త్రవేత్త జె.బి.ఎస్. హాల్డేన్ 1957లో బ్రిటన్ వదిలి భారత్ వచ్చి, ఇక్కడి పౌరసత్వమే తీసుకున్నారు. 1964 డిసెంబర్ 1న భువనేశ్వర్‌లో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయన వీలునామా ప్రకారం దేహం కాకినాడ రంగరాయ మెడికల్ కాలేజీకి వెళ్లింది. శరీరాన్ని చల్లగా భద్రపరచే ఖర్చు కూడా తన ఆస్తిలోంచే ముందుగా తీయమని రాసిపెట్టిన మనిషాయన.

కాలేజీకి చేరాక ఏం జరుగుతుంది? ముందు ఎంబామింగ్. తొడ దగ్గరి ధమని వంటి పెద్ద రక్తనాళంలోంచి ఫార్మలిన్ కలిసిన ద్రవాన్ని ఎక్కిస్తారు. దాంతో కుళ్లడం ఆగుతుంది, కండ గట్టిపడుతుంది. మొదటి ఏడాది ఎంబీబీఎస్ విద్యార్థులు ఒక్కో బల్ల చుట్టూ చేరి నెలల తరబడి చర్మం, కండరం, నాడి అంటూ వరుసగా విప్పి చూస్తారు. ఆ ఘాటుకు కళ్లలో నీళ్లు తిరగని విద్యార్థి ఉండడు. కండరాలు మెత్తగా, కీళ్లు వంగేలా ఉంచే పద్ధతిని ఆస్ట్రియాలో వాల్టర్ థీల్ రూపొందించాడు. శస్త్రచికిత్సల సాధనకు అది బాగా పనికొస్తుంది. చదువు ముగిశాక మిగిలినదాన్ని దహనమో ఖననమో చేస్తారు. కొన్ని ఎముకలు బోధనకు నిలిచిపోతాయి. థాయ్‌లాండ్‌లో విద్యార్థులు ఆ దేహాన్ని ‘పెద్ద గురువు’ అని పిలుస్తారు.

అన్ని దేహాలూ తరగతి గదికే పోవు. అమెరికాలోని టెనెసీ విశ్వవిద్యాలయంలో విలియం బాస్ 1980ల మొదట్లో ఆరుబయట ఒక పరిశోధనాస్థలం నెలకొల్పాడు. ఎండలో, మట్టిలో, నీడలో శవం ఎన్నాళ్లకు ఎలా మారుతుందో అక్కడ గమనిస్తారు. హత్యాకేసుల్లో మరణ సమయం తేల్చడానికి అది ఆధారం. డెట్రాయిట్‌లోని వేన్ స్టేట్ విశ్వవిద్యాలయంలో శవాల మీద చేసిన పరీక్షల వల్లే తల ఎంత దెబ్బకు తట్టుకుంటుందో కార్ల తయారీదార్లకు తెలిసింది. గుంథర్ వాన్ హేగెన్స్ 1977లో ప్లాస్టినేషన్ కనిపెట్టి, శరీరంలోని నీటి స్థానంలో ప్లాస్టిక్ నింపాడు.

1993లో టెక్సస్‌లో మరణశిక్ష అమలైన జోసెఫ్ జెర్నిగన్ దేహాన్ని గడ్డకట్టించి, ఒక్కో మిల్లీమీటరు చొప్పున అరగదీస్తూ 1,871 ఫొటోలు తీశారు. ప్రపంచం ఆ బొమ్మలతో శరీరశాస్త్రం చదువుకుంటోంది. విజ్ఞానానికి దేహం ఇస్తానని అతను సంతకం చేశాడు, నిజమే. చేయబోయేది ఇదని మాత్రం అతనికి తెలియదు. అమెరికాలోనే ఒక ప్రైవేటు సంస్థకు అప్పగించిన దేహాలు, కుటుంబాల అనుమతి లేకుండా సైన్యపు పేలుడు పరీక్షలకు చేరిన సంగతి 2016లో బయటపడింది. అడగడం ఒకటే చాలదు, దేనికని అడిగారో కూడా ముఖ్యం.

2010లో పశ్చిమబెంగాల్ మాజీ ముఖ్యమంత్రి జ్యోతిబసు దేహం కోల్‌కతా ఆసుపత్రికి చేరినప్పుడు దేశమంతా దేహదానం అన్న మాట విన్నది. 2024 సెప్టెంబర్‌లో సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహాన్ని కుటుంబం ఢిల్లీ ఎయిమ్స్‌కు, మరుసటి నెలలో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహాన్ని ఆయన కుటుంబం హైదరాబాద్ గాంధీ మెడికల్ కాలేజీకి అప్పగించాయి.

ఇవ్వదలచినవారు దగ్గరి ప్రభుత్వ మెడికల్ కాలేజీ అనాటమీ విభాగంలో అంగీకారపత్రం నింపవచ్చు. పోస్టుమార్టం జరిగిన దేహాన్ని, హెచ్‌ఐవీ వంటి అంటువ్యాధులున్న దేహాన్ని సాధారణంగా తీసుకోరు. సంతకం పెట్టి ఊరుకుంటే పని జరగదు. ఆ రోజు కాలేజీకి ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లే కాబట్టి, కాగితం ఎక్కడుందో వాళ్లకు ముందే చెప్పి ఉంచండి.